తొమ్మిదో రోగి

ఏటి ఒడ్డున రెండంతస్తుల ఆఫీసు. పై గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల నిండా చిన్న చిన్న జెండాలు. మధ్యాహ్నం రెండున్నర, నాలుగింటికి సమావేశం. జెండాలు సర్దుతున్నవాడు ఇరుదేశాల అంటువ్యాధుల సమన్వయాధికారి. ఎదురుగా కూర్చున్నది సరిహద్దు ఆసుపత్రి హెడ్ నర్సు, అతని సొంత వదిన. జబ్బుల సంగతి ఎలా ఉన్నా, జెండాల విషయంలో మాత్రం పొరుగు దేశాలు రెండూ పూర్తి సన్నద్ధంగా ఉన్నాయి.

"...అది ముట్టుకోకండి వదినా. స్కేలు పెట్టి కొలిచి నిలబెట్టాను."

"జెండానా?"

"రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. పోయినేడాది వాళ్ళది మనదానికంటే అరంగుళం పైకి ఉందని మన పెద్దాయన కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయారు. ఆ అరంగుళం మీద రెండు రోజులు చర్చలు జరిగాయి."

"ఎవరు గెలిచారు?"

"ఇద్దరూ. కొత్త కర్రలు తెప్పించాం."

"ఈ పని నీకు బాగా ఒంటబట్టింది అబ్బాయ్."

"వేళాకోళం వద్దు. ఇవన్నీ సున్నితమైన వ్యవహారాలు, మీకు తెలియదు. ఒక్క నిమిషం, ఈ షీల్డుల పెట్టె మోయలేక చేతులు పడిపోతున్నాయి. మీ డబ్బా మీద పెడతాను."

"దాని మీద పెట్టకు."

"ఏం, మీ టిఫిను డబ్బానా?"

"రక్తం."

"ఆఁ?"

"తొమ్మిదిమంది రక్తం. చుట్టూ ఐసు పెట్టాను, ఆరింటిదాకా ఆగుతుంది. నీ షీల్డులు పెడితే మూత పగులుతుంది, అప్పుడు అయిదింటిదాకా కూడా ఆగదు."

"రక్తం పట్టుకుని ఆఫీసుకొస్తారా ఎవరైనా? అతిథులొచ్చే వేళకి? కింద ఆ జీపు కూడా మీదేనా?"

"నాదే."

"పోర్టికోకి అడ్డంగా ఉంది. వాళ్ళ కార్లు వచ్చి ఆగేది అక్కడే. మీ డ్రైవరుకి చెప్పి తీయించండి."

"తీస్తాడు. నాకో కాగితం ఇచ్చావంటే జీపూ, డబ్బా, నేనూ అందరం వెళ్ళిపోతాం."

"కాగితం సంగతి తరవాత చూద్దాం. అన్నయ్య ఎలా ఉన్నాడు?"

"పడుకున్నాడు."

"ఈ వేళప్పుడా? మరి లాంచీ ఎవరు నడుపుతున్నారు?"

"మన లాంచీ వారం రోజులుగా ఒడ్డునే ఉంది. అవతలివాళ్ళది తిరుగుతోంది."

"అదృష్టవంతుడు. వారం రోజులు నేనూ పడుకుంటే బాగుండు. ఈ సమావేశం ఏర్పాట్లు మొదలైనప్పటి నుంచి కాళ్ళకి బలపం కట్టుకుని తిరుగుతున్నాను."

"అబ్బాయ్, నా మాట విను. ఎనిమిది రోజుల కిందట ఇక్కడికి ఒక రిపోర్టు పంపాను. ఫ్యాక్సులో. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"ఎనిమిది రోజులా? అయితే అది అభ్యాసం వారం. అందులో కలిసిపోయి ఉంటుంది."

"ఏ అభ్యాసం?"

"అయ్యో, మీకు సర్క్యులరు రాలేదా? ఉమ్మడి అభ్యాసం. ఉత్తుత్తి జబ్బు. ఏటికి అటూ ఇటూ ఉన్న ఆసుపత్రులన్నీ మా దగ్గర జబ్బు మొదలైంది అని ఉత్తుత్తి రిపోర్టులు పంపాలి. మేం ఉత్తుత్తిగా స్పందించాలి. పరిశీలకులు కూర్చుని మార్కులు వేస్తారు. నలభై ఎనిమిది గంటల్లో అదుపులోకి తెచ్చాం వదినా. ఇటూ అటూ కలిసి."

"ఉత్తుత్తిగా."

"అంటే, అసలు సమయంలో కూడా అలాగే తెస్తామని."

"మాకు సర్క్యులరు రాలేదు."

"మీ ఆసుపత్రి జాబితాలో లేదనుకుంటా. ఈమెయిలు లేనివాళ్ళని వదిలేశాం."

"మాకు ఈమెయిలు లేదు. జబ్బు ఉంది."

"సరే, ఏం రాశారు అందులో?"

"తొమ్మిదిమందికి జ్వరం. కళ్ళు ఎర్రబడ్డాయి. పిక్కల్లో నొప్పులు..."

"ఆగండాగండి. 'పిక్కలు పట్టేసి, నడవలేక, ఇద్దరి భుజాల మీద వచ్చారు.' అదేనా?"

"అదే. ఎక్కడ చదివావు?"

"ఎక్కడేమిటి వదినా, అది మీరు రాసిందా? కింద సంతకం ఫ్యాక్సులో చెదిరిపోయి ఎవరిదో తెలియక చచ్చాం. మొదటి బహుమతి దానికే."

"దేనికి?"

"మీ రిపోర్టుకి. తొంభై నాలుగు మార్కులు. తరవాతి వాళ్ళకి డెబ్భై ఒకటే. పరిశీలకులు ముక్కున వేలేసుకున్నారు. మిగతా రిపోర్టుల్లో రోగులందరికీ ఒకే జ్వరం, ఒకే నూట రెండు. మీ దాంట్లో ఒకడికి నూట రెండు, ఇంకొకడికి నూట నాలుగు, ఒకావిడ దగ్గరికొచ్చేసరికి థర్మామీటరు పగిలిపోయి చేత్తో పట్టుకుని చూశామని రాశారు. ఆ థర్మామీటరు ముక్కకే అయిదు మార్కులు అదనంగా పడ్డాయి."

"పగిలింది మరి."

"అదే అంటున్నా. అచ్చం నిజంలా ఉంది."

"మిగతా ఆరు మార్కులూ ఎందుకు పోయాయో?"

"చివర్లో పాడుచేశారు. 'అయ్యా, మనుషులు పోతున్నారు, దయచేసి ఇవాళే చూడండి' అని రాశారు చూడండి. రిపోర్టులో అలాంటివి ఉండకూడదట. ఏడుపు ఎక్కువైందన్నారు."

"ఏడుపు ఎక్కువైంది."

"వాళ్ళ మాట అది. నాకైతే నచ్చింది. అన్నిటికంటే ఆ తొమ్మిదో రోగి ఉన్నాడు చూడండి..."

"ఏమన్నారు తొమ్మిదో రోగిని?"

"అందరికీ వాడే నచ్చాడు. మగ, నలభై ఎనిమిది, నీటి మీద పని. జ్వరంతోనే రెండోరోజు కూడా పనికి పోయాడు. ఎందుకు పోయావయ్యా అంటే 'అవతలివాళ్ళు ఎదురుచూస్తుంటారు' అన్నాడు. ఎక్కణ్ణుంచి వస్తాయి వదినా మీకు ఇలాంటి మాటలు? మన పెద్దాయన ఆ ముక్క విని పొంగిపోయారు. ఇరుగుపొరుగు స్ఫూర్తి అంతా అందులోనే ఉందన్నారు. కింద హాల్లో బ్యానరు చూశారా?"

"చూశాను. ఎక్కడో విన్న మాటలా ఉందే అనుకున్నాను."

"'అవతలివాళ్ళు ఎదురుచూస్తుంటారు.' నాలుగడుగుల అక్షరాలు. రెండు భాషల్లో. అందుకే చివరి రోజు వాణ్ణి చంపేటప్పుడు నాకే ప్రాణం ఉసూరుమంది."

"ఎవరిని చంపేటప్పుడు?"

"తొమ్మిదోవాణ్ణి. అయిదో రోజుకి అభ్యాసం చప్పబడింది. పరిశీలకులు ఆవలింతలు. ఏదైనా మలుపు ఉంటే బాగుంటుందన్నారు. అందరికీ గుర్తున్నది వాడొక్కడే కదా, వాడు పోతే అందరూ నిటారుగా కూర్చుంటారని నాకు తట్టింది. నేనే రాశాను. 'తొమ్మిదో రోగి, మరణం, తెల్లవారుజామున నాలుగూ పది.' నిజంగానే నిటారుగా కూర్చున్నారు. ఒకాయన పెన్ను కింద పడేసుకున్నాడు."

"నాలుగూ పది."

"అంకె కచ్చితంగా ఉంటే నమ్మకంగా ఉంటుంది. అది మీ రిపోర్టు చూసే నేర్చుకున్నాను."

"అబ్బాయ్, అది నిజం."

"ఏది?"

"రిపోర్టు. తొమ్మిదిమందీ నిజం. ఇద్దరు పోయింది నిజం, పోకముందు తీసిన వాళ్ళ రక్తం కూడా ఈ డబ్బాలోనే ఉంది. థర్మామీటరు నిజం. ఏడుపు కూడా నిజమే."

"నిజమంటే?"

"నిజమంటే ఏమిటో కూడా నేనే చెప్పాలా?"

"అది కాదు వదినా. నిజమైతే నిజమని రాయాలి కదా."

"ఎక్కడ?"

"పైన. ఎర్ర సిరాతో 'ఇది అభ్యాసం కాదు' అని. సర్క్యులరు మూడో పేజీలో స్పష్టంగా ఉంది."

"మాకు రాని సర్క్యులరులో."

"అంటే... రానివాళ్ళు అడిగి తెప్పించుకోవాలి."

"ఇరవై రెండేళ్ళుగా రిపోర్టులు రాస్తున్నాను. మనిషికి జ్వరం అని రాసి, పక్కన ఇది అబద్ధం కాదు అని రాయాల్సిన గతి ఇప్పటిదాకా పట్టలేదు. ఇదిగో, నీ బల్ల మీదే ఉంది నా రిపోర్టు. దాని మీద ఈ నీలం ముద్ర ఏమిటి?"

"'అభ్యాసం' ముద్ర. ఆ వారం వచ్చిన కాగితాలన్నిటి మీదా వేశాం."

"చదవకుండానే?"

"చదివే వేశాం. కొన్ని చదవకుండా. నా సెలవు చీటీ మీద కూడా పడింది, ఇప్పటికీ మంజూరు కాలేదు."

"పాపం."

"మీరు అలా చూడకండి. గొంతు కూడా తగ్గించండి, పక్క గదిలో పరిశీలకులు టీ తాగుతున్నారు. సరే, నిజమనే అనుకుందాం..."

"అనుకుందామా?"

"నిజమే. నిజమే లెండి. సోమవారం పెద్దాయనకి చెప్తాను. సమావేశం అయిపోతుంది, అతిథులు వెళ్ళిపోతారు, అప్పుడు నింపాదిగా..."

"ఇవాళ శుక్రవారం."

"రెండు రోజులే కదా."

"సోమవారం దాకా ఆగలేడు. నేను వచ్చింది వాడికోసమే. నువ్వు నాలుగూ పదికి చంపినవాడికోసం."

"బతికే ఉన్నాడా?"

"నువ్వు చంపినా ఉన్నాడు. మూడు రోజులుగా మూత్రం లేదు. ముఖం, కాళ్ళూ వాచిపోయాయి. డయాలసిస్ చెయ్యాలి. మన వైపు ఆ మెషీను ఉన్న ఊరికి ఒకటిన్నర రోజు ప్రయాణం. అవతలి ఆసుపత్రికి లాంచీలో నలభై నిమిషాలు. అక్కడ ఒక సిస్టరు ఉంది, పదేళ్ళుగా తెలుసు. మా దగ్గర సెలైను అయిపోతే ఆవిడ పంపుతుంది, వాళ్ళకి సిరంజిలు అయిపోతే నేను పంపుతాను. లాంచీలో వేసి."

"అది నా ముందు అనకండి. చట్టవిరుద్ధం."

"అందుకే నీ ముందు అంటున్నాను. మీ ఒప్పందానికి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో ఏరు దాటింది ఏమిటి?"

"రెండుసార్లు మన ప్రతినిధి బృందం దాటింది. మూడుసార్లు వాళ్ళది."

"మందు గురించి అడిగాను. ఒక్క గోళీ?"

"ముసాయిదాలో ఉంది వదినా. 'సహకారం' అనాలా, 'సహాయం' అనాలా అన్న దగ్గర ఆగింది. సహాయం అంటే ఇచ్చినవాడు పై మెట్టు మీదా, పుచ్చుకున్నవాడు కింది మెట్టు మీదా నిలబడ్డట్టు. వాళ్ళు ఒప్పుకోరు, మనమూ ఒప్పుకోం."

"మెట్ల మీద నిలబడే ఓపిక ఉన్నవాళ్ళ గోల అది. ఆ సిస్టరు వాళ్ళ డాక్టరుని కాళ్ళావేళ్ళా పడి ఒక పడక పట్టింది. మొన్న పొద్దున. నిన్న సాయంత్రం ఫోను చేసి పడక తీసేశారు అంది."

"ఎందుకు తీసేశారు?"

"పోయినవాడికి పడకెందుకు అన్నారట."

"అదేమిటి? వాళ్ళకెవరు చెప్పారు?"

"ఇక్కణ్ణుంచి కాగితం వెళ్ళింది. రోజువారీ పట్టీ. తొమ్మిదో రోగి, మరణం, నాలుగూ పది. కింద నీ సంతకం."

"అది... అది వాళ్ళ అభ్యాసం విభాగానికి పంపింది. ఆసుపత్రికి ఎందుకు వెళ్ళింది? మొదటి పేజీ మీద ముద్ర ఉంది కూడా."

"మొదటి పేజీ వాళ్ళ ఆఫీసులో ఉండిపోయింది. రెండో పేజీ ఆసుపత్రికి వెళ్ళింది. వాళ్ళ దగ్గర కూడా నీలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు."

"అతను మంచివాడే. జెండాల విషయంలో కాస్త మొండి."

"సిస్టరు చెప్పింది, కాదు బతికే ఉన్నాడు, పొద్దున కూడా మాట్లాడాను అని. నర్సు మాట మీద చేర్చుకోం, ప్రభుత్వం చచ్చాడంది కాబట్టి ప్రభుత్వమే బతికాడనాలి అన్నారట. ఎర్ర ఫారం కావాలి నాకు. రోగి బతికి ఉన్నట్టు, ఏరు దాటడానికి అనుమతి ఉన్నట్టు, వెంట రక్తం డబ్బా కూడా పంపుతున్నట్టు. ఏ జబ్బో వాళ్ళ ల్యాబులో తేలితే వార్డులో ఉన్న మిగతా ఆరుగురికీ ఏ మందు వెయ్యాలో తెలుస్తుంది."

"మీరు ఎంత తేలిగ్గా అడుగుతున్నారో మీకు తెలుస్తోందా?"

"తెలుస్తోంది. ఒక సంతకం, ఒక ముద్ర."

"ఇవాళ నాలుగింటికి ఉమ్మడి ప్రకటన చదువుతారు. అచ్చయిపోయింది. 'మూడేళ్ళుగా సరిహద్దులో ఒక్క కేసూ లేదు.' నేను ఇప్పుడు ఎర్ర ఫారం రాస్తే ఆ వాక్యం ఏమవుతుంది?"

"అబద్ధమవుతుంది. ఇప్పటికే అబద్ధమే."

"ఇప్పుడది ఎవరికీ తెలియని అబద్ధం వదినా. తెలిస్తే వాళ్ళు రేవు మూసేస్తారు. ఆ తరవాత మనవాళ్ళు వాళ్ళకి మన రేవు మూసేస్తారు. మధ్యలో నలిగేది నేను. ఎవడో ఒక నంబరుకోసం..."

"నంబరు."

"తప్పుగా అనుకోకండి. మీకేమైనా చుట్టమా?"

"నా పేషెంటు."

"చూడండి, మన ఇంటి మనిషి కాబట్టి ఇంతసేపు కూర్చోబెట్టి మాట్లాడుతున్నాను. ఇంకెవరైనా అయితే..."

"నేను ఇంటి మనిషిగా రాలేదు. నర్సుగా వచ్చాను. ఇంటి మనుషుల్ని అడ్డం పెట్టుకుంటే ఈ ఫారం పనికిరాదని కూడా తెలుసు."

"అది నిజమే. పోయినేడాది పై రేవు ఆఫీసులో ఒకడు సొంత మామగారికి సంతకం పెట్టేశాడు. అది బయటపడి ఫారం చెల్లలేదు, వాణ్ణి మారుమూల స్టోరు గదిలో పడేశారు. సొంత చుట్టమైతే పెద్దాయనే పెట్టాలి."

"పెద్దాయన ఎప్పుడు పెడతారు?"

"సోమవారం. లేకపోతే మంగళవారం."

"ఫారం వెనక రాసి ఉంది, ఎనిమిదో నిబంధన. చదివాను."

"మీరు చదివారా? నేనే పూర్తిగా చదవలేదు."

"అది ఆశ్చర్యం కాదులే."

"ఇలా కాదు, మీకు నేను నచ్చజెప్పలేను. అన్నయ్యకి ఫోను చేస్తాను. మీరు ఆయన మాటైతే వింటారు."

"చెయ్యి."

"...మోగుతోంది. ఎత్తట్లేదు. వదినా, మీ సంచిలో ఏదో మోగుతోంది, చూసుకోండి."

"తరవాత చూసుకుంటాను. నువ్వు మాట్లాడుకో."

"ఎత్తడే. మొద్దునిద్ర అనుకుంటా. ఆయన ఇప్పుడు ఇక్కడ ఉంటే మీకు చెప్పేవాడు, వాడి ఉద్యోగం మీదికి తేకు అని."

"చెప్పాడు. పొద్దున చెప్పాడు. తమ్ముడు పెద్ద పనిలో ఉన్నాడు, విసిగించకు అన్నాడు."

"చూశారా. అర్థం చేసుకునేవాడు అన్నయ్యొక్కడే. లాంచీ మీద నిలబడి నిలబడి నన్ను చదివించాడు. ఈ కుర్చీలో కూర్చున్నానంటే ఆయన చలవే. ఈ సమావేశం అవగానే వచ్చి కలుస్తానని చెప్పండి."

"చెప్తాను. అబ్బాయ్, ఆ షీల్డుల్లో నాదేది?"

"ఆఁ, మరిచిపోయాను. ఇదిగో, పెద్దది. పేరు తెలియక ఖాళీగా వదిలేశాం. ఇప్పుడే రాయిస్తాను. నాలుగున్నరకి వేదిక మీద ఇస్తారు. రెండు దేశాల పెద్దలూ పక్కపక్కన నిలబడి. మీరొస్తే నాకూ గౌరవమే, మా వదినే అని చెప్పుకుంటాను."

"వస్తాను."

"వస్తారా? అదీ అలా అనండి. కోపం పోయిందా?"

"షీల్డు తీసుకున్నాక మాట్లాడమంటారా?"

"రెండు ముక్కలు మాట్లాడచ్చు. మైకు ఉంటుంది."

"రెండు ముక్కలు చాలు. ఈ డబ్బా కూడా పైకి తెస్తాను. మూత తీసి చూపిస్తాను. కింద జీపులో తొమ్మిదో రోగి ఉన్నాడు, బ్యానరు మీద మాట ఆయనదే, కావాలంటే వచ్చి చూసుకోండి అంటాను."

"కింద జీపులోనా? ఇక్కడికి తీసుకొచ్చారా?"

"మరి రేవు ఎక్కడుంది? మీ ఆఫీసు వెనకేగా. అవతలివాళ్ళ లాంచీ మూడూ ఇరవైకి బయల్దేరుతుంది."

"వదినా, మీరలా చెయ్యరు."

"నాకు తొంభై నాలుగు మార్కులిచ్చారు. సహజంగా మాట్లాడతానని పేరొచ్చింది. ఏడుపు లేకుండా కూడా మాట్లాడగలను, మిగతా ఆరు మార్కులూ తెచ్చుకుంటాను."

"పెద్దాయన నన్ను బతకనివ్వరు."

"నువ్వు బతికినట్టు కాగితం నేను రాసిస్తాలే."

"ఎగతాళి చెయ్యడానికి ఇదా సమయం?"

"సమయం మూడు కావస్తోంది. మూడూ ఇరవైకి నేను లాంచీలోనైనా ఉండాలి, నీ వేదిక మెట్ల మీదైనా ఉండాలి. ఏదో ఒకటి నువ్వే చెప్పు."

"ఫారం ఇస్తే వెళ్ళిపోతారా? నిజంగా? సమావేశం దరిదాపుల్లోకి రారు?"

"రాను. షీల్డు కూడా నువ్వే ఉంచుకో."

"ఎవరికీ చెప్పరు?"

"నీతో చెప్పినా ఎవరికీ చెప్పనట్టే కదా, ఎనిమిది రోజులుగా చూస్తున్నాను."

"ఇటివ్వండి. ఎక్కడ పెట్టాలి? ఇక్కడా?"

"అక్కడ. 'రోగి స్థితి' పక్కన, 'బతికి ఉన్నాడు' అని రాయి. పొట్టి అక్షరాల్లో కాదు. స్పష్టంగా."

"'బతికి... ఉన్నాడు.' సరేనా? ఇదిగో సంతకం."

"సంతకమా ఇది, కోడి కాలు గీతలా ఉంది. నీ పేరు ఏమిటో కనిపెట్టడం ఎవడి తరం కాదు."

"ఆఫీసు సంతకాలు అలాగే ఉంటాయి."

"మంచిదే. నాకు అలాంటిదే కావాలి. ముద్ర వెయ్యి."

"వేశాను. తీసుకోండి."

"ఏ ముద్ర వేశావో ఒకసారి చూడు."

"...అబ్బ."

"'అభ్యాసం'."

"చెయ్యి అలవాటుగా దాని మీదికే పోయింది. పర్వాలేదు, కొట్టేసి పక్కన..."

"ఇంకో ఫారం తియ్యి. ఆ నీలం ముద్ర కిటికీలోంచి బయట పారెయ్యి ముందు."

"ఆఫీసు ఆస్తి అది. సరే, సరే, సొరుగులో పెట్టేస్తాను. ఇదిగో కొత్త ఫారం. మళ్ళీ రాస్తున్నాను. బతికి ఉన్నాడు. అనుమతి ఉంది. వెంట రక్తం నమూనాలు, తొమ్మిది. సంతకం. గుండ్రటి ముద్ర, ఈసారి సరైనదే. చూసుకోండి."

"సరిగ్గానే ఉంది."

"నాకు ఇదంతా నచ్చలేదని మాత్రం గుర్తుంచుకోండి. మీ పంతం నెగ్గించుకున్నారు. ఒక ముక్కూ మొహం తెలియనివాడికోసం నా మెడ మీద కత్తి పెట్టారు."

"గుర్తుంచుకుంటాను. ఇన్ని జబ్బుల్లో ఇన్నేళ్ళు తిరిగాను, ఇంత తేలిగ్గా మనిషి ప్రాణం తీసినవాణ్ణి, ఇంత కష్టపడి తిరిగి ఇచ్చినవాణ్ణి చూడలేదు."

"మీకు నా మీద బొత్తిగా గౌరవం లేదు వదినా."

"చిన్నప్పుడు ఉండేది. నువ్వు పదో తరగతిలో ఉండగా మీ ఇంట్లో అడుగుపెట్టాను. కాలు విరిగిన కుక్కపిల్లకి పుల్ల కట్టి, మూడు రోజులు స్కూలు ఎగ్గొట్టి కాపలా కూర్చున్నావు. వీడు డాక్టరవుతాడు అన్నాడు మీ అన్నయ్య."

"అవన్నీ ఇప్పుడెందుకు. వెళ్ళండి, లాంచీ పోతుంది. జీపు తీసేయమనండి, మొదటి కారు గేటు దగ్గరికి వచ్చేసింది."

"వెళ్తున్నాను."

"ఆగండాగండి. రిజిస్టరులో ఎక్కించకపోతే రేవులో ఆపేస్తారు. నంబరు తొమ్మిది, మగ, నలభై ఎనిమిది. నంబరు ఒక్కటే చాలదు, పేరు కూడా రాయాలి. చెప్పండి."

"ఫారం సంచిలో పెట్టుకోనీ."

"ఎవరూ లాక్కోరు. పెట్టుకున్నారా? ఊఁ. ఇంటిపేరుతో సహా చెప్పండి."

"ఇంటిపేరు మనదే. రాసుకో."